మా ఇంటికి కంప్యూటరు వచ్చిన విధము



వస్తువును కొనుట సులభము. దానిని ఏల కొనుచున్నామో ఉన్నదున్నట్లు చెప్పుట కష్టము. ఈ సంగతి నాకు 2024వ సంవత్సరపు దీపావళి నాటికి గాని తెలిసిరాలేదు. అప్పుడు నేను తొమ్మిదవ తరగతి చదువుచుంటిని. మన సంచికకు ఏదైన నొక స్వానుభవమును వ్రాసి యిమ్మని ఉపాధ్యాయులు కోరగా, పెక్కు విషయములు తలపునకు వచ్చినవి. వానిలో నాకు కొంత సిగ్గును, కొంత జ్ఞానమును కలిగించిన ఈ విషయమునే ఎన్నుకొంటిని. కంప్యూటరు కొనదలచిన మిత్రులకు ఇందలి లెక్కలు పనికివచ్చును. కొనదలపని వారికి తక్కిన భాగము పనికివచ్చునని నా ఆశ.

మాది సోలాపుర నగరపు తూర్పు భాగము. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఇచట నూలుమిల్లులు వెలసిన పిదప, తెలంగాణపు పల్లెల నుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చి స్థిరపడిన పద్మశాలీల సంతతివారము మేము. వీధిలో మరాఠీ, ఇంటిలో తెలుగు మాకు అలవాటు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయుని రథము వెంట నడచునపుడు మాత్రము వీధియు ఇల్లును ఒకటే యగును. మా నాయన ఒక కార్ఖానాలో జకార్డు సాంచెలపై చద్దరులు నేయుదురు. అమ్మ బీడీలు చుట్టును. అక్క పండ్రెండవ తరగతి చదువుచుండెను. మా యింటి పైకప్పు రేకులది. దానిలో రెండుచోట్ల తూట్లు పడి, వానాకాలమున వంటపొయ్యి పక్కన గిన్నెలు పెట్టుకొనవలసి వచ్చెడిది.

అమ్మ ఇరువదిమంది స్త్రీలతో కలసి భిశీ వేయుచుండెను. నెలకు ఒక్కొక్కరు రెండువేల ఐదువందల రూపాయలు వేయుదురు. నెలకొకరికి ఏబదివేలు వచ్చును. ఆ దీపావళికి అమ్మ వంతు వచ్చెను. నాయనకు వచ్చు బోనసు పదివేలు. ఈ అరువది వేలతో మొదట పైకప్పు బాగుచేయించి, మిగిలినది అక్క చదువునకు దాచవలెనని అమ్మ తలపు. ఆ తలపును మరలించినవాడను నేను.

నాకు ఆటలపై మక్కువ మెండు. మిత్రుని యింట కంప్యూటరులో మోటారు పందెపు ఆటను ఒక్క సాయంకాల మాడితిని. ఆ తెరపై వానపడిన దారి మెరయుట, బండి మలుపు తిరిగినపుడు చెట్లనీడలు దానిపై జారుట చూచి నాకు రాత్రి నిద్రపట్టలేదు. అట్టి యంత్రము నాకును కావలెననిపించెను. ఆ మాట ఇంటిలో చెప్పిన సాగదని నాకు తెలియును. అందువలన, “పదవ తరగతి పాఠములకు కంప్యూటరు లేక గడవదు, అక్కకు సైతము దరఖాస్తులు నింపుకొనుటకు ఉపకరించును” అని చెప్పితిని. ఇందులో అక్క మాట నిజము. పాఠముల మాట సగము నిజము. నా మనసులోని మాటను మాత్రము చెప్పనేలేదు. అమ్మ చాలసేపు నా ముఖము చూచి, “చదువుకేనైతే కప్పు ఇంకో వానకాలం ఆగుతది” అనెను.

ఆ రాత్రియే నేను కావలసిన వస్తువుల పట్టిక వ్రాసితిని. ఇంటెల్ వారి ఐ3-12100ఎఫ్ ప్రాసెసరు 8,500 రూపాయలు. దానికి మదర్‌బోర్డు 6,500. ఎనిమిది జీబీల ర్యాము ఒక ముక్క 1,700. ఐదువందల జీబీల ఎస్.ఎస్.డి. 3,000. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 20,500. పవర్ సప్లై 1,800. నాలుగు రంగుల ఫ్యానులు వెలుగు అద్దాల క్యాబినెట్టు 4,000. సెకండునకు 144 మారులు చిత్రము మార్చు మానిటరు 11,000. దీపములు గల కీబోర్డు, మౌసు 2,000. మొత్తము 59,000. మిగిలినది వేయి రూపాయలు! ఆ పట్టికను చూచి నేను గర్వించితిని. ఇప్పుడు చూచిన, అందులో నా అబద్ధము ప్రతి పంక్తిలోను కనబడుచున్నది.

మా వాడలో జకార్డు చద్దరులకు నమూనాలు గీయు పెద్దమనిషి యొకరు కలరు. మేమాయనను మామ యని పిలుతుము. పూర్వము గళ్ల కాగితముపై గీయుచుండిన నమూనాలను ఆయన ఇప్పుడు కంప్యూటరుపై గీయుదురు. నాయన నాకు చెప్పకయే పట్టికను ఆయనకు చూపిరి. మామ దానిని చదివి, గ్రాఫిక్స్ కార్డు వద్ద వ్రేలు పెట్టి, “బావా, ఇది ఆటల కొరకు కొనే సామాను. చదువుకు ఇది అక్కర లేదు” అనిరట. నాయన ఇంటికి వచ్చి అన్నము తిని పరుండిరి. ఒక్కమాటయు అనలేదు. ఆ మౌనమునకు కారణము నాకు మరునాడు తెలిసినది.

మరునాడు ఆదివారము. నాయన నన్ను వెంట రమ్మని కార్ఖానాకు తీసికొనిపోయిరి. ఆనాడు పని లేకపోవుటచే సాంచెలు నిశ్శబ్దముగా నుండెను. జకార్డు పెట్టెపై నుండి మాలవలె వ్రేలాడుచున్న అట్టలను చూపి, “ఇదేందో తెలుసా?” అని యడిగిరి. చిన్ననాటినుండి చూచుచున్న వానిని గూర్చి నేనెన్నడును ఆలోచించలేదు. అప్పుడు నాయన వివరించిరి. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగుకు ఆజ్ఞ. రంధ్రమున్న చోట కొక్కెము పడుగుపోగును పైకెత్తును. రంధ్రము లేని చోట పోగు దిగియే యుండును. అట్టలు వరుసగా తిరిగినకొలది చద్దరుపై నెమలియో పువ్వో తయారగును. లేచిన పోగు, లేవని పోగు. ఇంతకుమించి అందులో మూడవ సంగతి లేదు.

నాకు చటుక్కున పాఠమొకటి జ్ఞప్తికి వచ్చెను. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరపు జకార్డు అను నాతడు 1804లో ఈ సాధనమును రూపొందించెను. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ రంధ్రపు అట్టలనే వాడదలచెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ రంధ్రపు అట్టలతోనే త్వరగా తేల్చెను. కంప్యూటరు లోపలి ఒకట్లును సున్నలును ఈ లేచిన పోగులకును లేవని పోగులకును చుట్టములే. ఈ మాట నాయనతో చెప్పగా, ఆయన ముఖమున సంతోషము కనబడెను. వెంటనే అది మాయమయ్యెను.

“ఇంత తెలిసినోనివి, ఆ ఇరవై వేల కార్డు దేనికో నాకెందుకు చెప్పలేదు బిడ్డా?” అనిరి.

నేను తలవంచుకొంటిని. నోట మాట రాలేదు. నాయన కేకలు వేసియుండిన బాగుండెడిదని అప్పుడనిపించెను. ఆయన నెమ్మదిగా, “ఆడుకునుడు తప్పు కాదు. నేనూ నీ యీడున గోటీలాడిన. మీ అమ్మ కప్పు ఆపుకున్నది నీ చదువుకని. ఆమెకు నిజం తెలిసి ఆపుకుంటే వేరు, తెలవక ఆపుకుంటే వేరు” అనిరి.

ఇంటికి వచ్చి అమ్మకు అంతయు చెప్పితిని. అమ్మ చేట ముందు కూర్చుండి బీడీలు చుట్టుచుండెను. ఆకు కత్తిరించుట ఆపలేదు. కొంతసేపటికి, “ఆ కార్డు ధరకు ఎన్ని బీడీలు చుట్టాల్నో లెక్కచెయ్యి” అనెను. వేయి బీడీలకు వచ్చు కూలిని బట్టి నేను లెక్క చేసితిని. దినమునకు వేయి చొప్పున చుట్టినను నెలలు పట్టును. ఆ సంఖ్యను పైకి చదువలేక కాగితమును చేతికిచ్చితిని. అమ్మ చదివి, మడచి, పొగాకు డబ్బా క్రింద పెట్టెను. “కొనొద్దని అనను. నువ్వు నిజంగ ఏం కావాల్నో అది రాయి. తరువాత కూర్చుని చూద్దాం” అనెను.

అట్లు రెండవ పట్టిక మొదలైనది. ఈసారి కాగితమును నిలువుగా రెండు భాగములుగ మడచితిని. ఒక వైపున ‘చదువునకు’ అనియు, రెండవ వైపున ‘ఆటకు’ అనియు శీర్షికలు పెట్టితిని. ప్రతి వస్తువు పక్కన అది దేని కొరకో వ్రాయవలెనని నాయన నియమము. నేను వ్రాయుచు వ్రాయుచు నుండగా తెలిసినదేమనగా, మొదటి పట్టిక అబద్ధమే కాదు, తెలివితక్కువది కూడ. ఎట్లనగా చెప్పెదను.

ఆటల కంప్యూటరు తెర యొక చద్దరు వంటిది. సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. గుణించిన 20,73,600 చుక్కలు. ఆట సాఫీగా సాగవలెనన్న సెకండునకు అరువది చిత్రములు కావలెను. అనగా సెకండునకు అరువది చద్దరులు నేయు సాంచె కావలెను. ఒక్కొక్క చిత్రమునకు దొరకు వ్యవధి సెకండులో అరువదవ వంతు మాత్రమే. ప్రాసెసరు ఆరుగురు మేటి పనివాండ్ర వంటిది. ఎంతటి చిక్కు పనినైనను చేయగలరు, కాని ఇన్ని లక్షల చుక్కలకు రంగులద్దుట వారికి చాలదు. గ్రాఫిక్స్ భాగములో ఒకే పనిని ఒకేసారి చేయు వందలకొలది, వేలకొలది చిన్న పనివాండ్రుందురు. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600లో అట్టివారు 1792 మంది. రైజెన్ 5 5600జి అను ప్రాసెసరులోనే ఇమిడియున్న గ్రాఫిక్స్ భాగములో 448 మంది. సరిగా నాల్గవ వంతు.

నేను ఈ సంఖ్యలను చదివి వినిపించగా నాయన అడిగిన ప్రశ్న నన్ను ఆశ్చర్యపరచెను. “పనోళ్లు అంతమంది ఉన్నరు సరే, కండెలు చుట్టేటోళ్లు అందిస్తున్నరా?” అనిరి. సాంచె ఎంత వేగముగ తిరిగినను కండెలు అందకున్న ఆగియుండవలసినదే గదా! కంప్యూటరులో కండెలందించునది ర్యాము. 5600జికి సొంత జ్ఞాపకము లేదు. అది ర్యాము నుండియే కండెలు తెచ్చుకొనును. సెకండునకు 3200 మెగా బదిలీలు చేయు డీడీఆర్4 ర్యాము ఒక ముక్క పెట్టిన సెకండునకు 25.6 జీబీలు అందును. రెండు ముక్కలు పెట్టిన రెండు దారులు తెరచుకొని 51.2 జీబీలు అందును. గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత జ్ఞాపకము నుండి సెకండునకు 224 జీబీలు అందును. అందువలననే కార్డు అంత మిన్న. అందువలననే కార్డు లేనివాడు ర్యామును ఒక ముక్కగా కొనరాదు. మొదటి పట్టికలో నేను ఒక ముక్కయే వ్రాసియుంటిని! ఎనిమిది జీబీలు రెండు, మొత్తము పదునారు జీబీలు కొనవలెనని నిశ్చయించితిమి.

ఇక ప్రాసెసరు పేరు చివరి అక్షరము మాట. ఐ3-12100ఎఫ్ మంచిదే. కాని చివరి ‘ఎఫ్’ అక్షరమునకు అందు గ్రాఫిక్స్ భాగము లేదని అర్థము. దానిని కొని కార్డును కొనకున్న తెరపై ఏమియు కనబడదు. కార్డు చెడిపోయినను అంతే. 5600జిలో ఆరు కోరులు, పండ్రెండు థ్రెడ్లు, ఇమిడియున్న గ్రాఫిక్సు కలవు. దాని టీడీపీ 65 వాట్లు. ఇది 2021లో దుకాణములకు వచ్చినది. దీనితో చదువు, అక్క దరఖాస్తులు, మామ నమూనాల పని సుఖముగా సాగును. మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్ వంటి తేలిక ఆటలు ఆడవచ్చును. ఆ వానదారి మోటారు పందెము మాత్రము చక్కగా సాగదు. ఈ కడపటి వాక్యమును కాగితముపై వ్రాయునపుడు నా చేయి కొంచెము ఆగినది.

“సాంచెకు ముందు చట్రం గట్టిగుండాలె. చట్రం గట్టిదైతే పైన ఏదైనా మార్చుకోవచ్చు” అని నాయన అనిరి. కంప్యూటరుకు చట్రము మదర్‌బోర్డు, పవర్ సప్లై. మొదటి పట్టికలో నేను వీనికే తక్కువ డబ్బు కేటాయించితిని. ఏలనన, అవి పైకి కనబడవు! రెండవ పట్టికలో మదర్‌బోర్డు బి550 రకమునకు మార్చితిని. దానిలో గ్రాఫిక్స్ కార్డుకు గాడి ఉండును. ర్యామునకు నాలుగు గాడులున్నది చూచి ఎన్నుకొంటిని. తరువాత ఎన్నడైన కార్డు కొనిన పెట్టుకొనవచ్చును. అయితే ఒక మెలకువ. ఆ రకపు పాత బోర్డులు కొన్ని, బయాసు అను లోపలి ఆజ్ఞాపత్రమును క్రొత్తది చేయనిచో 5600జిని గుర్తింపవు. కనుక క్రొత్త బయాసు ఉన్నదా యని అడిగియే కొనవలెను.

పవర్ సప్లై విషయమున మామ నాకు గట్టిగా బుద్ధి చెప్పిరి. పేరులేని పవర్ సప్లై పెట్టెపై 500 వాట్లని వ్రాసియుండవచ్చును; కాని అంత భారమును అది మోయునన్న నమ్మకము లేదు. అది చెడిపోవునపుడు తాను మాత్రమే చెడిపోక, తనకు తగిలించిన ఖరీదైన భాగములను కూడ చెడగొట్టవచ్చును. 80 ప్లస్ బ్రాంజు గుర్తు కల 550 వాట్ల దానిని ఎన్నుకొంటిమి. ఆర్‌ఎక్స్ 6600 వాడునది 132 వాట్లు. ప్రాసెసరు 65 అనుకొనినను కొంత మించవచ్చును. తక్కిన భాగములకు ఏబది. అన్నియు కలిపినను సగమునకు మించదు. రేపటి కార్డునకు సరిపడు బలము నేడే యున్నది.

క్యాబినెట్టు విషయమున మా వాడ పరిస్థితిని ఆలోచింపవలసి వచ్చెను. సోలాపురపు ఎండలు మేనెలలో నలుబది డిగ్రీలు దాటుట మీకు తెలిసినదే. దానికి తోడు సాంచెల నుండి లేచు దూది నూగు గాలిలో తేలుచుండును. మా యింటిలో పొగాకు దుమ్ము కూడ కలదు. అద్దాల ముఖము గల క్యాబినెట్టులో గాలి చొరక లోపలి భాగములు వేడెక్కును. ముందు వైపున జల్లెడవలె రంధ్రములుండి, కడుగుటకు వీలగు వడపోత తెర గల దానిని ఎన్నుకొంటిమి. దానికి రంగురంగుల దీపములు లేవు. మొదట కొంచెము చిన్నబుచ్చుకొంటిని గాని, నెలకొకసారి ఆ వడపోతను తీసి కడుగునపుడు దానిలో చిక్కుకొనిన దూదిని చూచి, ఆ దీపములను పూర్తిగా మరచితిని.

ఈ విధముగా రెండవ పట్టిక తయారయినది. ప్రాసెసరు 12,000, మదర్‌బోర్డు 8,500, ర్యాము 3,400, ఎస్.ఎస్.డి. 3,000, పవర్ సప్లై 4,200, క్యాబినెట్టు 2,800, సామాన్యమైన మానిటరు 7,000, కీబోర్డు, మౌసు 900, కరెంటు పోయినపుడు పని దాచుకొని మూయుటకు 600 వి.ఏ. యు.పి.ఎస్. 2,700. మొత్తము 44,500. అరువది వేలలో మిగిలినది 15,500. నేను ఆ సంఖ్యను చదువగానే అమ్మ పైకప్పు వైపు చూచెను. నేనును చూచితిని.

కొనుటకు పోయినపుడు మరియొక పాఠము నేర్చితిని. ఒక దుకాణమున వర్తకుడు మా పట్టికను పక్కకు నెట్టి, సిద్ధముగా బిగించిన యొక కంప్యూటరును చూపెను. “ఇందులో 4 జీబీల గ్రాఫిక్స్ కార్డు ఉన్నది, ధర తక్కువ” అని మెచ్చుకొనెను. నాకు నోరూరినది. మామ చెప్పిన మాట జ్ఞప్తికి తెచ్చుకొని కార్డు పేరు అడిగితిని. వెదకి చూడగా అది పదేండ్ల నాటి చిప్పు. జ్ఞాపకము 4 జీబీలున్నంత మాత్రమున కార్డు బలమైనది కాదు. గిడ్డంగి పెద్దదైనను పనివాండ్రు లేని కార్ఖానా నడచునా? పవర్ సప్లై పేరడిగిన వర్తకుడు చెప్పలేకపోయెను. నమస్కరించి వచ్చివేసితిమి. మరియొక చోట పట్టిక ప్రకారము ఒక్కొక్క వస్తువును బిల్లుతో కొంటిమి. వారంటీ కాగితములను అక్క ఒక సంచిలో పెట్టి, ఏ వస్తువు ఏనాటి వరకో పైన వ్రాసెను.

బిగించుట మామ ఇంటిలో జరిగినది. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రికోణమును గాడి మూలనున్న త్రికోణముతో సరిపోల్చి, బలము ప్రయోగింపక పెట్టవలెను. దాని అడుగున సన్నని సూదులుండును. ఒకటి వంగినను చిక్కే. ర్యాము ముక్కలు రెండింటిని పక్కపక్క గాడులలో పెట్టరాదు. నాలుగు గాడులున్న బోర్డులో ప్రాసెసరు నుండి రెండవదానను, నాల్గవదానను పెట్టవలెను. అన్నియు బిగించి మీట నొక్కితిమి. ఫ్యాను తిరిగినది. తెరపై ఏమియు రాలేదు! నా గుండె ఆగినంత పని అయ్యెను. నలుబది నాలుగు వేల ఐదువందలు నా కండ్ల ముందు తిరిగినవి. మామ నవ్వి, కరెంటు తీసి, ర్యాము ముక్కను ఊడదీసి మరల ‘టక్కు’మని చప్పుడగువరకు నొక్కిరి. రెండవసారి తెర వెలిగెను. నేను బెదరుచు బెదరుచు దానిని సగమే నొక్కియుంటిని.

ఇంటికి తెచ్చి పెట్టిన నాడు క్యాబినెట్టు ఇనుమును తాకగా చేతికి చిమచిమలాడెను. మా గోడ ప్లగ్గునకు మూడు రంధ్రములున్నవి గాని, మూడవదానికి ఎర్తు తీగయే లేదు. నాయన ఎలక్ట్రిషియనును పిలిపించి మరునాడే ఎర్తింగు చేయించిరి. మన యిండ్లలో ఇది పెక్కుచోట్ల లేదు. ఏ పరికరము కొనుటకైనను ముందు ఇది సరిచూచుకొనుడని మిత్రులకు ప్రత్యేకముగా మనవి చేయుచున్నాను.

ఆ వారమే పైకప్పునకు రెండు క్రొత్త రేకులు పడినవి. మిగిలిన డబ్బు అక్క పేర బ్యాంకులో పడినది.

తరువాతి వానాకాలమున మొదటి పెద్దవాన కురిసిన రాత్రి, కరెంటు పోయి, యు.పి.ఎస్. కూయుచుండగా నేను నా పనిని దాచుకొని కంప్యూటరును మూసితిని. అమ్మ చీకటిలో వంటపొయ్యి పక్కన కూర్చుండి యుండెను. గిన్నెలు గూటిలోనే యుండెను. వాన రేకులపై మ్రోగుచున్నది గాని లోపలికి ఒక చుక్కయు రాలేదు. ఎవరమును ఏమియు అనుకొనలేదు. నా మొదటి పట్టికయే నిలిచియుండిన ఆ రాత్రి నేను ఎవరి ముఖమును చూడగలిగి యుండెడివాడను కాను.

ఇప్పుడు నేను పదవ తరగతి. దినమునకొక గంట ఆట. ఇది అందరము కలసి పెట్టుకొనిన నియమము. అప్పుడప్పుడు అతిక్రమింతును, అట్లయినపుడు నేనే చెప్పివేయుదును. సెలవులలో మామ వద్ద నమూనాలు గీయుట నేర్చుకొనుచున్నాను. మొదటిసారి నేను గీసిన చిన్న అంచు నమూనాను ఆయన అట్టలకెక్కించిరి. నాయన దానిని తన సాంచెపై నేసిరి. తెరపైని చుక్కలు పోగులై వచ్చుట చూచినపుడు కలిగిన ఆనందము ఏ ఆటలోను నాకు కలుగలేదు.

మిత్రులారా! మొదటి కంప్యూటరు కొనువారికి నేను చెప్పగల మాటలు కొలదియే. మొదట మీరు ఆడదలచిన ఆటల పేర్లు, చేయదలచిన పనులు కాగితముపై వ్రాయుడు. డబ్బెంతయో, అది ఎవరిదో దాని క్రింద వ్రాయుడు. పైకి కనబడని పవర్ సప్లైని, మదర్‌బోర్డును ముందు చూచి, కనబడు దీపములను చివర చూడుడు. ఒక భాగము పరుగెత్తుచుండగా వేరొక భాగము కుంటుచున్నదేమో పరికింపుడు. నేను చెప్పిన ధరలు 2024 నాటివి. ఇట్టి వస్తువుల ధరలు నిలుకడగా నుండవు గనుక కొనునాడు మరల విచారించుకొనుడు. అన్నింటికంటె ముందు, అది ఆట కొరకైనచో ఆట కొరకేనని ఇంటిలో చెప్పుడు. కాదనవచ్చును, కొంత తగ్గించి ఔననవచ్చును. ఏదైనను వారు తెలిసి ఇచ్చినదగును.

నా క్యాబినెట్టులో గ్రాఫిక్స్ కార్డు గాడి నేటికిని ఖాళీగానే యున్నది. వడపోతను కడుగుటకు మూత తీసినపుడెల్ల అది నాకు కనబడును. దానిని చూచినపుడు ఆ వానదారియు, మెరయుచు మలుపు తిరుగు బండియు జ్ఞప్తికి వచ్చును. ఆశ లేదని వ్రాసినచో అది నా రెండవ అబద్ధమగును. ఆశ ఉన్నది. నమూనాలకు మామ ఇచ్చు చిన్న మొత్తములను ఒక డబ్బాలో దాచుచున్నాను. ఆ డబ్బాపై అతికించిన కాగితమున ‘ఆటకు’ అని స్పష్టముగా వ్రాసియున్నాను.